స్నోమొబైలు మారు స్కీలు

స్నోమొబైలు అనునది హిమప్రాంతములలో దారి లేని చోటను దారి చేసికొని పోవుటకై నిర్మింపబడిన యంత్రశకటము. వెనుకభాగమున ఇంజనుచే తిరుగు వెడల్పైన రబ్బరు పట్టా మంచును వెనుకకు త్రోయుచు బండిని ముందుకు నడుపును. ముందుభాగమున రెండు స్కీలు, హ్యాండిలుబారునకు లోబడి కుడియెడమలకు తిరుగుచు, దిశను నిర్ణయించును. బలమంతయు వెనుకనే యున్నను, ఆ బలము ఎటు పోవలెనో చెప్పునవి ఈ రెండు పలకలే. కర్మాగారమునుండి బండితో వచ్చిన స్కీలను ఊడదీసి, వేరు సంస్థలు విడిగా చేసి యమ్ము స్కీలను బిగించుకొనుట కెనడాలోను, అమెరికా ఉత్తరరాష్ట్రములలోను, స్కాండినేవియా దేశములలోను చిరకాలముగా నున్న వాడుక. మారుతాళపుచెవి యన్నట్లు, వీనిని ఈ వ్యాసమున మారు స్కీలని వ్యవహరింతుము.

కర్మాగారపు స్కీ చెడ్డదగుటచేత మార్చబడుట అరుదు. అందరిని ఉద్దేశించి చేయబడినదగుటచేతనే అది మార్చబడుచుండును. ఒకే నమూనా బండిని క్విబెక్కులో చదునుచేసిన బాటలపై దినమునకు మూడువందల కిలోమీటర్లు పరుగెత్తించువాడును కొనవచ్చును. మిన్నెసొటాలో గడ్డకట్టిన సరస్సును దాటి చేపలు పట్టబోవువాడును కొనవచ్చును. ఐడహో పర్వతములలో నడుములోతు పొడిమంచును చీల్చుకొని యెక్కువాడును కొనవచ్చును. ఈ మువ్వురి మంచు ఒకటి కాదు. ఒకరికి గట్టి నేలవంటిది, వేరొకరికి గాజువంటిది, మూడవవానికి ఊకరాశివంటిది. కావున మారు స్కీని ఎన్నుకొనుట యనగా తాను నడుపునది ఏ మంచుమీదనో ముందుగా తేల్చుకొనుటయే. దుకాణములో రంగులు చూచి, ధరలు చూచి, స్నేహితుని బండి చూచి కొన్నవారిలో సగముమంది ఈ యొక్క ప్రశ్నను వేసికొననివారే యని చెప్పినచో అతిశయోక్తి కాబోదు.

పూర్వచరిత్ర

మంచుపై మోటారుబండిని నడుపవలెనను ప్రయత్నములో చక్రమునకు బదులు స్కీని ముందుంచుట మొదటినుండియు కనబడుచున్నది. న్యూహ్యాంప్‌షైరు రాష్ట్రములోని వెస్ట్ ఆసిపీ గ్రామవాసియగు వర్జిల్ వైట్ అను మోటారు వ్యాపారి, ఫోర్డు మోడల్-టి కారునకు ముందు చక్రముల స్థానమున స్కీలను, వెనుక గొలుసుపట్టాను అమర్చు సాధనసామగ్రికి 1917లో పేటెంటు పొందెను. ఆలోచించి చూచినచో మారు స్కీల వర్తకము స్నోమొబైలు కంటె ముందే పుట్టినదనవలెను, ఏలయన నాటి వైద్యులును తపాలావారును కొన్నది బండిని కాదు, తమ బండికి తొడుగు స్కీలనే. విస్కాన్సిన్ రాష్ట్రమున సేనర్ అను చిన్నయూరిలో కార్ల్ ఎలియాసన్ 1924లో సైకిలు భాగములతోను, రెండున్నర అశ్వశక్తి గల పడవ ఇంజనుతోను కట్టిన మోటారు టొబాగన్ నేటి స్నోమొబైలునకు నిజమైన పూర్వీకుడు. దాని ముందున్న రెండు స్కీలను నడుపువాడు త్రాళ్ళతో లాగి త్రిప్పుచుండెను. 1927లో దానికి పేటెంటు లభించినది.

క్విబెక్కులోని వాల్‌కూర్ గ్రామమున జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే చేసిన కృషి వెనుక ఒక విషాదము కలదు. 1934 శీతకాలమున రెండేండ్ల కుమారునకు ఉదరవ్యాధి ముదిరి, మంచు కప్పిన త్రోవలలో ఆసుపత్రికి కొనిపోవ వీలులేక, ఆ శిశువు మరణించెను. మంచుబండి విషయమున బాల్యమునుండియు ఆసక్తి గల ఆ తండ్రి 1937లో పళ్ళచక్రముతో రబ్బరు పట్టాను త్రిప్పు విధానమునకు పేటెంటు పొంది, ఏడుగురు కూర్చుండగల బండ్లను, తరువాత పండ్రెండుగురి బండ్లను నిర్మించెను. 1959లో ఒకరిద్దరు ఎక్కగల తేలికబండి ‘స్కీ-డూ’ వెలువడెను. దానికి ముందే, 1956 నాటికి, మిన్నెసొటాలోని రోజో పట్టణమున హెటీన్ సోదరులును డేవిడ్ జాన్సనును పొలారిస్ సంస్థ తొలిబండిని నడిపియుండిరి. ఆ రాష్ట్రముననే, థీఫ్ రివర్ ఫాల్స్ అను పట్టణమున, ఎడ్గర్ హెటీన్ వేరుపడి స్థాపించిన సంస్థ ఆర్క్‌టిక్ క్యాట్ అయినది. జపానునుండి యమహా 1968లో ఈ రంగమున ప్రవేశించి, 2025 నమూనాలతో విరమించునట్లు 2023లో ప్రకటించినది.

తొలినాటి స్నోమొబైలు స్కీ ఉక్కురేకును అచ్చుగుద్ది, పైన కమానుపట్టీలు బిగించి చేసినది. ముందుభాగమునకు ఆ పట్టీల వంపు తప్ప వేరు ఊగుసాధనము లేకుండెను. 1980 ప్రాంతమున ఒక్కొక్క స్కీకి స్వతంత్రముగా మీదికిని క్రిందికిని కదలు సస్పెన్షను వ్యాపించుటతో స్కీకి బరువు మోయు బాధ్యత తగ్గి, మంచును పట్టు బాధ్యత మిగిలినది. ఉక్కుస్కీలకు తడిమంచు అంటుకొని గడ్డకట్టుట పెద్ద బాధ. దానిని తప్పించుటకు కొందరు ప్లాస్టిక్కు తొడుగులను అడుగున బిగించుకొనెడివారు. 1990 దశకమున పూర్తిగా ప్లాస్టిక్కుతో పోతపోసిన స్కీలను చిన్న సంస్థలు ఒకటొకటిగా బజారున పెట్టగా, పెద్ద సంస్థలు కూడ అనతికాలమున వాని దారి పట్టినవి. కర్మాగారము మారుబజారునుండి నేర్చుకొన్న సందర్భములలో ఇది యొకటి.

జారుట యెట్లు?

మంచుపై వస్తువు ఏల జారునను ప్రశ్నకు బౌడెన్, హ్యూజ్ అను శాస్త్రజ్ఞులు స్విట్జర్లండులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ పర్వతసంధిపై ప్రయోగములు చేసి 1939లో ఒక సమాధానము ప్రకటించిరి. రాపిడిచే పుట్టిన వేడి స్పర్శస్థానములలో మంచును కొంచెముగా కరిగించుననియు, ఆ పలుచని నీటిపొరయే కందెనగా పనిచేయుననియు వారి సిద్ధాంతము. దీనినుండి మరియొక విషయము తేలును: వేడిని త్వరగా పీల్చుకొనిపోవు లోహము కంటె, వేడిని తనదరినే నిలుపు పదార్థము సులువుగా జారవలెను. 1950 దశకమున ఆటస్కీల అడుగునకు ఆస్ట్రియాలో పాలిఎథిలీను పొర వేయుట మొదలిడినప్పుడు ఈ సూత్రమే ఆచరణలోనికి వచ్చినది. స్నోమొబైలు స్కీలకు నేడు వాడునది అదే జాతికి చెందిన, అణుభారము 30 లక్షలు మొదలు 60 లక్షల వరకు నుండు మహాశృంఖల పాలిఎథిలీను. తుంటియెముక మార్పిడి చికిత్సలో గిన్నెపొరగా అమర్చునదియు ఈ జాతి పదార్థమే యన్నచో దాని నునుపును అరుగుదలకు ఓర్చు గుణమును పాఠకులు ఊహింపగలరు. చలిలో పగులదు, రాతికి తగిలినచో వంగి, మరల లేచును. ఉక్కుస్కీ వంగినచో వంగినట్లే యుండును.

కాని జారుట ఒక్కటే స్కీ గుణమైనచో బండి ఎన్నటికిని మలుపు తిరుగదు. ముందుకు జారవలెను, ప్రక్కకు జారరాదు. ఈ రెండు విరుద్ధధర్మములను ఒక్క పలకయందు కూర్చుటయే స్కీ నిర్మాణములోని కౌశలము. ఇందుకై స్కీ అడుగున, మధ్యగా, పొడవునా ఒక గట్టు దిగియుండును. ఓడ అడుగుదూలము నీటిలో చేయు పనిని ఇది మంచులో చేయును. దీనిని మనము వెన్ను అందుము. ఆ వెన్ను క్రిందను రన్నరు అను ఉక్కుకడ్డీ మరలతో బిగింపబడును. కడ్డీకి మధ్యభాగమున, స్కీని బండికి కలుపు స్పిండిలునకు ఇంచుమించు సూటిగా, టంగ్‌స్టన్ కార్బైడు ముక్కలు పొదిగియుండును. నాగలికి కర్రు ఎట్టిదో స్కీకి రన్నరు అట్టిది. కొయ్య నాగలి తరములపాటు నిలిచినను కర్రును కమ్మరి యేటేట సరిచేయవలసినట్లే, స్కీ చాలకాలము నిలిచినను రన్నరు అరుగును, మార్చబడును. కర్రు అరిగిన నాగలిని చూచి నాగలి చెడినదనుకొను రైతు ఉండడు. రన్నరు అరిగిన స్కీని చూచి క్రొత్త స్కీలకై బయలుదేరు స్నోమొబైలుదారులు మాత్రము కలరు.

వెడల్పు, తేలుట

వెడల్పు విషయము లెక్కతో తేలును. ఒక్కొక్క స్కీపై 45 కిలోల బరువు పడుచున్నదనియు, మంచును తాకు పొడవు ఒక మీటరనియు అనుకొందము. స్కీ వెడల్పు 6 అంగుళములైనచో, అనగా 15 సెంటీమీటర్లైనచో, తాకు వైశాల్యము 1,500 చదరపు సెంటీమీటర్లు, చదరపు సెంటీమీటరునకు భారము 30 గ్రాములు. వెడల్పు 8 అంగుళములు చేసినచో వైశాల్యము 2,000, భారము 22.5 గ్రాములు. రెండు అంగుళముల ప్లాస్టిక్కు పావువంతు ఒత్తిడిని తగ్గించినది. అప్పుడే కురిసిన పొడిమంచు ఘనమీటరునకు 50 మొదలు 100 కిలోల బరువుండును, అనగా నీటిలో పదవవంతునకు మించదు; అట్టిదానిపై ఈ పావువంతు తేలుటకును మునుగుటకును మధ్య నున్న తేడా. యంత్రములు చదునుచేసి తొక్కిన బాటమీద మంచు దానికి పలురెట్లు చిక్కనిది. అచట స్కీ మునుగదు కావున వెడల్పు వృథా, పైపెచ్చు త్రిప్పుటకు బరువు.

బాటస్కీలు సామాన్యముగా ఐదారు అంగుళముల వెడల్పునను, పర్వతస్కీలు ఏడెనిమిది అంగుళములకు పైబడియు నుండును. స్కీ-డూవారు తమ పైలట్ స్కీలకు 5.7 అనియు 6.9 అనియు పెట్టిన అంకెలు అంగుళములలో వెడల్పే. రెంటికిని నడిమిదియైన ఆరున్నర అంగుళముల స్కీని కొని రెండు రకముల మంచునందును నడుపుదమను ఆశ సహజమైనదే గాని, వారాంతమున బాటమీదను సెలవులలో కొండమీదను నడుపువాడు తక్కువగా నడుపు చోటునకు గాక ఎక్కువగా నడుపు చోటునకు స్కీ కొనుటయే మంచిదని మా యభిప్రాయము.

వెన్ను

వెడల్పును అంగుళములలో కొలిచి సరిచూచుకొనువారు కూడ వెన్ను లోతును చూడక కొనుట తరచు. వాస్తవమునకు బండి స్వభావమును మార్చునది వెన్నే. మలుపులో హ్యాండిలు త్రిప్పినను బండి వినక తిన్నగా పోవుచుండుటను ‘పుష్’ అందురు. లోతైన, నిటారైన వెన్ను గల స్కీ ఈ దోషమును చాలవరకు మాన్పును. కాని లోతు పెరిగినకొలది చేతులకు శ్రమ పెరుగును, నాలుగు గంటల ప్రయాణము తరువాత భుజములు ఆ సంగతి చెప్పును. ఇంతేకాదు, ముందుభాగము పట్టు ఒక్కసారి పెరిగినచో వెనుకపట్టా పట్టు దానితో సరిగా లేక, మలుపులో తోక తిరిగిపోవును. పట్టాకు మేకులు దిట్టముగా కొట్టించినవారికి స్కీపట్టు పెంచక తప్పదు, స్కీపట్టు పెంచినవారు పట్టామేకులను లెక్కచూచుకొనక తప్పదు. త్రాసులో ఒక తట్టెను కదపి రెండవదానిని కదలవద్దనుట ఎట్లు? స్కీ-డూ సంస్థ పైలట్ టి.ఎస్. అను స్కీలో పనిముట్టు లేకుండగనే చేతితో మరను త్రిప్పి రన్నరు లోతును మార్చుకొను ఏర్పాటు చేసినది. ఉదయము గట్టిబాటకును మధ్యాహ్నము మెత్తబడిన మంచునకును వేర్వేరు లోతులు కావలసియుండుటను గమనించినవారి ఆలోచన అది.

గాడి సమస్య

మారు స్కీల వర్తకమును నిలబెట్టిన కష్టము ఏది యని యడిగినచో, ఒక్కమాటలో ‘డార్టింగు’ అని చెప్పవచ్చును. బాటపై వందలకొలది బండ్లు పోయినవి. ప్రతిబండియు తన రన్నరులతో మంచుగడ్డలో సన్నని చాళ్ళు దున్నినది. వెనుకవచ్చువాని రన్నరు ఆ చాలులో పడినంతనే, చాలు ఎటు పోయిన స్కీయు అటు పోవజూచును. నడుపువాడు తిన్నగా పట్టుకొన్నను బండి పాము మెలికవలె కుడికిని ఎడమకును దూకుచుండును. ఎడ్లబండిపై వానకాలపు డొంకదారిలో ప్రయాణము చేసినవారికి ఇది క్రొత్తసంగతి కాదు. ముందుబండ్ల చక్రముల ఇనుపకమ్ములు కోసిన గాడిలో మన చక్రము దిగినదా, ఎడ్లను ఎంత అదలించినను బండి ఆ గాడిని వదలదు. భేదమేమనగా ఎడ్లబండి వేగము గంటకు నాలుగు కిలోమీటర్లు, దీని వేగము ఎనుబది.

ఈ దోషమునకు స్కీని నిందించుటకు ముందు చూడవలసినవి పెక్కు కలవు. రన్నరు వంగియున్నదా? కార్బైడు ముక్క పగిలి ఊడినదా? రెండు స్కీలు సమాంతరముగా నున్నవా? చాలమంది తయారీదారులు హ్యాండిలును తిన్నగా నిలిపినప్పుడు స్కీల ముందు కొనలు వెనుక కొనలకంటె అంగుళములో ఎనిమిదవవంతు మొదలు పావువంతు వరకు ఎడముగా నుండవలెనని నిర్దేశింతురు. ఈ కొలతను తీయునపుడు సంధులలోని వదులు పోవునట్లు స్కీలను సాగుత్రాటితో లాగి కట్టవలెను, లేనిచో కొలత కొలతగా నుండదు. స్పిండిలునకును స్కీకిని మధ్య మెత్తగా నుండు రబ్బరుదిమ్మ అరిగినచో స్కీ ముక్కు క్రిందికి వ్రాలి ప్రతి గాడిని వెదకికొనుచు పోవును. క్రొత్తదిమ్మ వేసి, అవసరమైనచో దాని వెనుక అంచున పలుచని చీలిక పెట్టి, బరువును స్కీ మడమవైపునకు త్రోసినచో అనేకపర్యాయములు రోగము అంతటితో కుదురును. పట్టా ముందుభాగమును పట్టియుంచు లిమిటరు పట్టీ బిగువుగా నున్నకొలది స్కీలపై భారము అధికమగును, వదలినకొలది తగ్గును. డార్టింగు ఎక్కువైనచో ఒక రంధ్రము వదలి చూచుటకు ఖర్చు లేదు. వందల డాలర్ల స్కీలజతకు పూర్వము చేయవలసిన ఈ చిల్లరపనులను చేయక స్కీలు మార్చినవారు, క్రొత్త స్కీలతో పాత రోగమునే తిరిగి అనుభవించుట కలదు.

ఇవన్నియు సరిచూచుకొన్న పిదపను గాడి వదలనిచో స్కీ మార్పు న్యాయమైనదే. ఇందుకు రెండు మార్గములు కలవు. మొదటిది రన్నరునే మార్చుట: ఒక్క మొనకు బదులు ప్రక్కప్రక్కన చిన్న మొనలు గల బెర్గ్‌స్ట్రామ్ ట్రిపుల్ పాయింట్ వంటి కడ్డీలు గాడిని దాటిపోవునే గాని అందులో దిగవు. కార్బైడు మొనకోణము 60 డిగ్రీలైనచో మంచుగడ్డను లోతుగా కరచును, 90 డిగ్రీలైనచో కరచుట తగ్గినను రాళ్ళదెబ్బకు ఎక్కువకాలము ఓర్చును. కార్బైడు పొడవు నాలుగు అంగుళములు మొదలు పది వరకు నుండును. రెండవది జంటవెన్ను స్కీ. ఒక్కొక్క స్కీకి ఒక్క వెన్నునకు బదులు రెండు వెన్నులు, రెండు రన్నరులు. ఒకటి గాడిలో పడినను రెండవది గాడి గట్టుమీద నిలిచి దానిని బయటికి లాగుచుండును. సిమ్మన్స్ సంస్థవారి ఫ్లెక్సి-స్కీ ఈ జాతిలో ప్రసిద్ధమైనది. రెండు వెన్నుల నడుమ సొరంగమువలె నుండు ఆకృతిని చూచినవారు మరువరు. జంటవెన్నునకు వ్యయము ఎక్కువ, ఏలయన ప్రతి శీతకాలమును రెండు రన్నరులకు బదులు నాలుగు కొనవలెను. అట్లయ్యు, ఏటేట వేలకొలది కిలోమీటర్లు బాటలపైననే పోవువారికి దీనిని సూచించుటకు సంకోచింపము.

పర్వతములలో

వ్యోమింగు, ఐడహో, బ్రిటిష్ కొలంబియా పర్వతములలో నడుపువారి చింతలు వేరు. అచట గాడి యనునదే లేదు. బండి ఏటవాలు కొండచరియపై అడ్డముగా, ఒక స్కీ గాలిలోను ఒక స్కీ మంచులోను ఉండగా, నడుపువాడు పైవైపు పాదపీఠముపై నిలిచి పోవలసి యుండును. అట్టి తరుణమున మంచులోనున్న ఆ యొక్క స్కీ అంచు చరియను పట్టి యుంచవలెను, పట్టు వదలినచో బండి దిగువకు జారును. కావున పర్వతస్కీకి వెడల్పుతోపాటు, మంచును ప్రక్కకు పోనీక నిలుపు నిటారు వెన్నుగోడలును, మంచులో ముక్కు దిగబడక పైకి లేచు ముందువంపును ముఖ్యములు. ఐడహో ఫాల్స్ పట్టణపు స్టార్టింగ్ లైన్ ప్రోడక్ట్స్ వారి పౌడర్ ప్రో స్కీ ఇట్టి మంచును దృష్టియందుంచుకొనియే పేరు పెట్టుకొన్నది. స్కీల నడుమ దూరము కూడ ఇచట తక్కువ: బాటబండికి 42, 43 అంగుళములుండగా పర్వతబండికి 36 మొదలు 39 వరకు చాలును, ఏలయన బండిని ప్రక్కకు ఒరిగించుట తేలిక కావలెను. కార్బైడు విషయమున పర్వతవాసులు ఉదాసీనులు. పొడిమంచులో దానికి కరచుటకు ఏమియు దొరకదు. కాని బండి నిలుపుచోటినుండి కొండపాదము వరకు పది కిలోమీటర్ల గట్టిబాట యున్నచో, ఆ పదింటికొరకైన నాలుగు అంగుళముల కార్బైడు ఉంచుకొనుట యుక్తము. మోటారుసైకిలు ముందుచక్రమును తీసి ఒకే స్కీని తొడుగు టింబర్‌స్లెడ్ వంటి మంచుసైకిళ్ళు ఈ పర్వతములయందే ప్రబలినవి. వానికి ఒకే స్కీ కావున వెన్ను విషయమున పొరపాటునకు అచట తావు లేదు.

బిగింపు

స్కీ యెంత మంచిదైనను బండికి అమరనిచో కొరగాదు. స్పిండిలు అడుగుభాగపు వెడల్పు, బోల్టు లావు, గొట్టపుముక్కల పొడవు సంస్థకు సంస్థకు వేరు. ఒకే సంస్థలోను సంవత్సరమునకు సంవత్సరము మారుచుండును. అందుచే మారు స్కీలు రెండు వస్తువులుగా అమ్మబడును: స్కీలజత వేరు, అమరికసామగ్రి వేరు. బండి పేరు, నమూనా, సంవత్సరము చెప్పి రెండవదానిని తెప్పించుకొనవలెను. తయారీ నిలిచిన బండ్లు గలవారికి ఈ యేర్పాటు వరమువంటిది, ఏలయన పాత బండికి అచ్చమైన స్కీ దొరకక పోయినను సామగ్రి దొరికినచో క్రొత్త స్కీ అమరును. బిగించిన తరువాత స్కీని చేతితో పైకిని క్రిందికిని ఊపిచూచినచో బిగువుగానైనను స్వేచ్ఛగా ఊగవలెను. హ్యాండిలును రెండుకొసలకును త్రిప్పినపుడు స్కీ లోపలియంచు గాని వెనుకకొన గాని దేనికిని తగులరాదు. వెడల్పు స్కీలు కొన్నవారు ఈ పరీక్షను ఇంటిముంగిట చేసికొననిచో కొండమీద చేయవలసివచ్చును. తొలి ప్రయాణము ముగిసినంతనే బోల్టులను, రన్నరు మరలను మరల బిగింపవలెను, ఏలయన ప్లాస్టిక్కు క్రొత్తలో కొంచెము అణగును.

రంగుల విషయము చెప్పక విడుచుట న్యాయము కాదు. ఎరుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులలో దొరకు మారు స్కీలను అనేకులు కొనుట ఆ రంగులకొరకే. మంచులో మునిగిన బండిని దూరమునుండి గుర్తించుటకు గాఢమైన రంగు ఉపకరించునని చెప్పువారును కలరు. అది కొంతవరకు నిజమే. ముందు పట్టుకొని లాగు పిడి మాత్రము రంగుకంటె ముఖ్యము. రెండువందల యేబది కిలోల బండి మంచుగుంటలో దిగబడినపుడు, నలుగురు కలిసి లాగునది ఆ పిడినే పట్టి. సన్నని ప్లాస్టిక్కు ఉంగరమా, గట్టి లోహపుపిడియా, చేతితొడుగులతో పట్టుకొనుటకు చోటున్నదా యని చూచి కొనవలెను.

తెలుగువారిలో స్నోమొబైలు సొంతముగా గలవారు మినియాపొలిస్, డెట్రాయిటు, టొరాంటో ప్రాంతములలో తప్ప అరుదు. మనదేశమున దీనిని స్నోస్కూటరు అను పేర ఎరుగుదురు. సియాచిన్ హిమనదముపై భారతసైన్యము దీనిని ఉపయోగించుచున్నది, గుల్మార్గులోను మనాలి దరినున్న సోలాంగు లోయలోను యాత్రికులను ఎక్కించి త్రిప్పుచున్నారు. హైదరాబాదునుండియు విజయవాడనుండియు పోయి ఎక్కినవారు కొందరు ‘త్రిప్పినను తిరుగదేమి’ అని నవ్వుచు చెప్పుకొను అనుభవము, పైన చెప్పిన పుష్ దోషమే. అద్దెబండ్ల రన్నరులు మంచు పలుచనైన చోట రాళ్ళపైన తిరిగి తిరిగి, కార్బైడు మాట అటుండగా ఉక్కు కూడ అరిగి, వెన్ను నేలకు చదునై యుండుట అచట చూడవచ్చును. అట్టి బండికి కావలసినది మారు స్కీ కాదు, క్రొత్త రన్నరుజత.

వాడుకలో నున్న స్కీలను కొనదలచినవారు తలక్రిందులుగా త్రిప్పి అడుగు చూడవలెను. రన్నరు మరల చుట్టును ప్లాస్టిక్కు చీలినదా, వెన్ను ఎత్తు ముందునను వెనుకను సమానముగా మిగిలియున్నదా, రోడ్డు దాటునప్పుడు తారుపై రాచుకొని అంచులు జూలువలె లేచినవా యను మూడును కన్నులకే తెలియును. జూలును చిత్రికతో చెక్కి నునుపుచేయవచ్చును, అరిగిన వెన్నును మరల పెంచు ఉపాయము లేదు. వేసవిలో బండిని నిలువచేయునపుడు స్కీలక్రింద కొయ్యదిమ్మలుంచి, రన్నరులను తుడిచి నూనె పూసినచో తుప్పు పట్టదు.

తీసివేసిన కర్మాగారపు స్కీలను చాలమంది మూలకు విసరివేయుదురు, కొందరు తక్షణమే అమ్మివేయుదురు. వానిని బోల్టులతోను రబ్బరుదిమ్మలతోను సహా ఒక సంచిలో కట్టి అటకపై ఉంచుట మేలు. బండిని అమ్మువేళ కొనువాడు తన మంచునకు తగిన స్కీ కావలెననుట సహజము. అప్పుడు పాతజతను బండికి తొడిగి యిచ్చి, మారు స్కీలను తన తరువాతి బండికి, వేరొక అమరికసామగ్రితో, దాచుకొనవచ్చును.